రోడ్డు మీద జింకలుంటాయి

నెల్స్ ట్వైటెన్‌కి దేవుడు నోరెందుకిచ్చాడో మార్నీ ప్రెలెస్నిక్‌కి మొదటి రోజే అర్థం కాలేదు. తినడానికేమో అనుకుందామంటే, తినమన్నా తినడు.

పెద్ద సరస్సు ఒడ్డునున్న డులూత్ ఊళ్ళో ఆసుపత్రుల పక్కగుడ్డలు ఉతికే లాండ్రీ అది. ఉతికిన గుడ్డని పెద్ద ఇస్త్రీ యంత్రంలోకి పంపాలంటే ఇద్దరు కావాలి. చెరో మూలా పట్టుకుని, ముడత లేకుండా లాగి, ఒక్కసారే రోలర్ల కిందికి వదలాలి. ఒకరు ముందూ ఒకరు వెనకా వదిలితే గుడ్డ మెలితిరిగి, యంత్రం ఆపాల్సి వస్తుంది. కొత్తగా చేరిన మార్నీకి జతగా నెల్స్‌ని నిలబెట్టారు. ఆరడుగుల పైమాటే, ఎండుగడ్డి రంగు జుట్టు. పొద్దుటి నుంచి భోజనాల వేళ దాకా ఆ మనిషి నోట వచ్చినవి రెండే మాటలు. "లాగు", "వదులు".

భోజనాల దగ్గర మార్నీ డబ్బా తీసింది. వాళ్ళమ్మ చేసి పంపిన పొటీత్సా, వాల్‌నట్లూ తేనే పెట్టి చుట్టిన తీపిరొట్టె.

"తింటావా?"

"అబ్బే, వద్దులే. నువ్వు తిను."

"బోలెడుంది. తీసుకో."

"ఫర్వాలేదులే. నిజంగా."

"సరే" అని మూత పెట్టేసింది మార్నీ. అతను మాత్రం బెల్ మోగేదాకా ఆ మూత వంకే చూస్తూ కూర్చున్నాడు.

"ఏంటలా చూస్తున్నావ్? డబ్బా నచ్చిందా?"

"డబ్బా... బానే ఉంది."

మార్నీది ఉత్తరాన ఇనుప గనుల ఊరు. తాత గనిలో సమ్మె చేశాడు, నాన్నా చేశాడు. వాళ్ళింట్లో ఉప్పు అందించమంటే వీధి చివరికి వినబడుతుంది. ఈ సరస్సు ఒడ్డు జనం అలా కాదు. ఆర్డిస్ అని ఒకావిడ ఉంది లాండ్రీలో, అందరికంటే పెద్దది, నెల్స్‌కి పెద్దమ్మ. వారానికోసారి చాక్లెట్ కేకు చేసుకొస్తుంది. చివరి ముక్క ఎవరూ తీసుకోరు. ఒకరొచ్చి సగం కోసుకుంటారు, ఇంకొకరొచ్చి ఆ సగంలో సగం. సాయంత్రానికి పళ్ళెంలో చీమ తలకాయంత కేకు మిగిలి ఉంటుంది. దాని చుట్టూ పెద్దమనుషులు.

"ఇది మర్యాద కాదు, రోగం" అంది మార్నీ.

"మీ వైపు ఎలా?" అన్నాడు నెల్స్.

"మా వైపు చివరి ముక్క కోసం కొట్టుకుంటాం."

నెల్స్ నవ్వాడు. మొదటిసారి. నవ్వితే చెవులు ఎర్రబడతాయి ఇతనికి. ఆ సంగతి తనకెందుకో అనుకుంది మార్నీ, కానీ రోజూ ఏదో ఒకటని నవ్వించి ఆ చెవులు చూసేది.

కొన్నాళ్ళకి ఇంకో సంగతి తెలిసింది. యంత్రానికి కుడిపక్కన ఆవిరి గొట్టం ఉంది. అటు నిలబడితే మొహం మాడిపోతుంది. ఇద్దరూ రోజు మార్చి రోజు పక్కలు మారాలట, అది పద్ధతి. మార్నీ చేరినప్పటి నుంచీ అటు నెల్సే నిలబడుతున్నాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వడగలేదుగా."

"గొట్టం ఉందని తెలిస్తేగా అడగడానికి!"

"అదీ నిజమే" అన్నాడు నెల్స్, వేడిపక్కనే నిలబడి.

ఒక సాయంత్రం సరస్సు మీద నుంచి వాన వచ్చింది. ఉన్నది ఒకటే గొడుగు, నెల్స్‌ది. అతను దాన్ని పూర్తిగా మార్నీ మీద పట్టి, తను బయట తడుస్తూ నడిచాడు.

"లోపలికి రావయ్యా!"

"ఫర్వాలేదులే."

"నీ మొహం, ఫర్వాలేదు! ముక్కు మీద నుంచి నీళ్ళు కారుతున్నాయి."

"వాన... కొంచెం గట్టిగానే పడుతోంది" అని ఒప్పుకున్నాడు. చొక్కా ఒంటికి అంటుకుపోయి, నీళ్ళు కారే జుట్టుతో, తన గొడుగు కింద తనే చోటు అడగలేని ఆ మనిషి మార్నీకి నచ్చాడు. బాగా నచ్చాడు. నచ్చాడన్న సంగతి తలుచుకుంటేనే ఒళ్ళు మండింది.

వేసవి మొదట్లో కొత్త మేనేజరు దిగాడు, బ్రెంట్ కార్లైల్, ఎడారి ఊరు ఫీనిక్స్ నుంచి. దిగిన రోజే అందర్నీ పిలిచి, పళ్ళన్నీ బయటపెట్టి, "మనమంతా ఒక కుటుంబం" అన్నాడు. ఈ కుటుంబంలో చల్లటి గది మాత్రం ఒక్కటే, అది కుటుంబ పెద్దది. నూలుపీచు ఎగురుతోందని ఇస్త్రీ హాలులో ఫ్యాన్లు తీయించాడు. గుడ్డల మీద నీళ్ళు పడతాయని యంత్రం దగ్గర నీళ్ళ సీసాలు పెట్టుకోవద్దన్నాడు. వేడిగా ఉందని ఎవరో గొణిగితే, "మా ఫీనిక్స్‌లో దీన్ని చలికాలం అంటాం" అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు. ఆ తర్వాత దయ తలచి పిజ్జాలు తెప్పించాడు. కొలిమిలో నిలబడ్డవాళ్ళకి వేడివేడి పిజ్జా.

ఆ మధ్యాహ్నమే ఆర్డిస్ గుడ్డ మడత పెడుతూ పెడుతూ అలాగే కూలబడిపోయింది. నెల్స్ పరుగెత్తి పెద్దమ్మని రెండు చేతుల మీదా ఎత్తుకుని బయట నీడలో పడుకోబెట్టాడు. ఆవిడ కళ్ళు తెరిచి ముందన్న మాట, "అయ్యో, అందరికీ శ్రమ పెట్టానే."

బ్రెంట్ వచ్చి చూశాడు. "పొద్దున టిఫిన్ తినలేదేమో" అన్నాడు.

మర్నాడు విరామ గదిలో అందరూ చేరారు. ఆర్డిస్ కూడా వచ్చింది, కేకు పట్టుకుని మరీ.

"రేపు పొద్దుటి మీటింగులో చెబుదాం" అంది మార్నీ. "ఫ్యాన్లు కావాలి, పక్కన నీళ్ళు కావాలి. అందరం కలిసి."

అందరూ కేకు వంక చూశారు.

"ఎవరు మొదలుపెడతారు?" అంది ఆర్డిస్.

"నేను. మీరు వెనకాల ఉంటే చాలు. ఉంటారా?"

అప్పుడు నెల్స్, అందరికంటే ముందు నెల్స్, "నువ్వు మొదలుపెట్టు. నేనున్నాను. పెద్దమ్మ పడిపోతే నేను చూడలేదా?" అన్నాడు. నెల్స్ అన్నాక మిగతావాళ్ళూ తలలూపారు. అన్ని మాటలు అతను ఒకేసారి మాట్లాడటం మార్నీ ఎప్పుడూ వినలేదు. ఆ సంతోషంలో ఇంటికెళ్తూ దారంతా పాడుకుంది.

పొద్దున మీటింగులో మార్నీ లేచింది. "మా అందరికీ ఫ్యాన్లు కావాలి. దగ్గర్లో తాగడానికి నీళ్ళు కావాలి. మొన్న ఆర్డిస్ పడిపోయింది, రేపు ఇంకొకరు."

బ్రెంట్ పళ్ళు లోపలికి వెళ్ళాయి. "మా అందరికీ అంటే? ఇంకెవరికైనా ఇబ్బందిగా ఉందా?"

వెనక ఆర్డిస్ గొంతు సవరించుకుంది.

మార్నీ నెల్స్ వంక చూసింది. నెల్స్ తన బూట్ల వంక చూస్తున్నాడు.

"ఏం? అందరూ బానే ఉన్నారా?"

"బానే..." అని నాలుగైదు గొంతులు గొణిగాయి. నెల్స్ నోరు కొంచెం తెరుచుకుంది. తెరుచుకుని, అలాగే ఉండిపోయింది.

"భేష్! కుటుంబం హాయిగా ఉంది" అని బ్రెంట్ తరవాతి విషయంలోకి వెళ్ళిపోయాడు. సాయంత్రం పని ముగిసే వేళకి మార్నీని చల్లటి గదిలోకి పిలిచి, ఆమె ధోరణి కుటుంబానికి సరిపడదని ఉద్యోగం తీసేశాడు. ఆమె ఎదుటే మిగతావాళ్ళని పిలిచి, పని సంగతులు ఒకరితో ఒకరు మాట్లాడుకోవద్దని హుకుం జారీచేశాడు.

మార్నీ కారు తాళం తీస్తుంటే వెనక నుంచి నెల్స్ పరుగెత్తుకొచ్చాడు. వచ్చి నిలబడ్డాడు. చేతులు జేబుల్లో పెట్టాడు, తీశాడు.

"చెప్పు" అంది మార్నీ.

"అదీ... మరి..." సరస్సు వంక చూశాడు. "చీకటి పడుతోంది. రోడ్డు మీద జింకలుంటాయి. చూసుకుని వెళ్ళు."

"నా ఉద్యోగం పోయింది. నీకు జింకలా!"

ఆమె తలుపు ధడేలున వేసుకుని వెళ్ళిపోయింది. మొదటి మలుపు దాటాక గానీ ఏడుపు రాలేదు.

ఇంటికి ఫోన్ చేస్తే నాన్న ఓదార్చలేదు, అరిచాడు. "ముందు ఏడుపాపు. ఒక్కదానివే అన్నావా, నలుగురూ అనుకున్నాక అన్నావా?"

"అనుకున్నాకే. కానీ ఎవరూ..."

"అది చాలు! దానికి చట్టం ఉందే అమ్మడూ, మీ తాత కాలం నుంచీ ఉంది. బోర్డుకి వెళ్ళు."

కార్మిక సంబంధాల బోర్డు అధికారి ఒకావిడ, మాట కరుకు, వినడం మాత్రం ఓపిగ్గా విన్నది. "యూనియన్ ఉండక్కర్లేదు" అంది. "పని పరిస్థితుల గురించి ఇద్దరు ముగ్గురు కలిసి మాట్లాడుకోవచ్చు, కలిసి అడగొచ్చు. అందరూ అనుకున్న మాటని ఒక్కరే లేచి చెప్పినా సరే, దానికి ఉద్యోగం తీయకూడదు. ఆ మాట్లాడుకోవద్దన్న హుకుం కూడా చెల్లదు."

"అయితే గెలుస్తానా?"

"నీ ఒక్కదాని చిరాకే అయితే చట్టం పట్టించుకోదు. కలిసి అనుకున్నారని ఆ గదిలో వాళ్ళెవరైనా చెప్పాలి."

"వాళ్ళా!" మార్నీకి నవ్వొచ్చింది, మంచి నవ్వు కాదు. "ఇల్లంటుకున్నా ఫైరింజన్‌కి కబురు పెట్టరండీ. వాళ్ళకెందుకు శ్రమ అంటారు."

మార్నీ కేసు వేసేసింది. ఆ ఆదివారం ఆమె అద్దె గది తలుపు చప్పుడైంది. ఆర్డిస్, వెనకాల నెల్స్. నెల్స్ చేతుల్లో పెద్ద గాజు పళ్ళెం, కీమా మీద బంగాళాదుంపలు పేర్చి కాల్చిన కూర. ఈ ఊళ్ళో చావుకీ, పురుడుకీ, క్షమాపణకీ అదే వంట.

"సాక్ష్యం తెచ్చావేమో అనుకున్నా. కూర తెచ్చావా?" అంది మార్నీ.

నెల్స్ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు, బెల్లం కొట్టిన రాయిలా.

"కాఫీ తాగుతావా?"

"వద్దులే."

"తాగుతావా?"

"ఫర్వాలేదులే."

"చావు!" అంది మార్నీ. అంతవరకూ దాచుకున్నదంతా పైకొచ్చేసింది. "నేనున్నాను అన్నావ్! నీ మాట నమ్మి లేచాను. ఎత్తుకుని తీసుకెళ్ళావే, ఆ పెద్దమ్మ కోసమైనా నోరు విప్పావా? తేలు కుట్టిన దొంగలా బూట్లు చూస్తూ కూర్చున్నావ్! ఎందుకు?"

నెల్స్ చెవులు ఎర్రబడ్డాయి, ఈసారి నవ్వుకి కాదు.

"మూడోసారి అడుగుతాడనుకున్నా."

"ఏంటీ?"

"రెండుసార్లే అడిగాడు."

మార్నీ ఆర్డిస్ వంక తిరిగింది, అర్థం చెప్పమన్నట్టు. ఆవిడ మొహంలో ఆశ్చర్యమేమీ లేదు.

"అవునమ్మా. మేమంతా మూడోసారికి సిద్ధంగానే ఉన్నాం. నేను గొంతు కూడా సవరించుకున్నా. మొదటిసారికే అవునంటే మొహం వాచినట్టు ఉండదూ? రెండోసారి మొహమాటానికి అడుగుతారు. మూడోసారి అడిగితేనే కదా నిజంగా అడిగినట్టు! ఆ మనిషి చటుక్కున తరవాతి విషయంలోకి వెళ్ళిపోయాడు. ఏం పెంపకమో!"

"ఆయన ఫీనిక్స్ మనిషండీ! అక్కడ మౌనం అర్ధాంగీకారం!" మార్నీ కుర్చీలో కూలబడింది. ఒక గది నిండా మనుషులు, మూడో ప్రశ్న కోసం ఎదురుచూస్తూ, తన ఉద్యోగాన్ని నీళ్ళల్లో వదిలేశారు. అంతలో ఇంకోటి తట్టింది. పొటీత్సా. "నెల్స్! మొదటి రోజు ఆ రొట్టె..."

"చాలా తినాలనిపించింది" అన్నాడు నెల్స్ నేల చూస్తూ.

నవ్వాలో కొట్టాలో తెలియలేదు మార్నీకి. "పైగా ఆ జింకల గోలొకటి! నా ఉద్యోగం పోయి నేను నిలబడితే రోడ్డు మీద జింకలుంటాయి చూసుకోమన్నాడండీ మీవాడు!"

ఆర్డిస్ నెల్స్ చేతుల్లోంచి పళ్ళెం తీసి బల్ల మీద పెట్టింది. నెల్స్ వంక చూసింది. నెల్స్ కిటికీ వంక చూశాడు.

"జింకలున్నాయన్నాడా? నీతో?" అంది ఆర్డిస్ మెల్లగా. "మా ఆయన నాతో ఆ మాట అనేసరికి పెద్దవాడు బడికెళ్తున్నాడు. ఇక్కడి మగాళ్ళు మనసులో మాట అంతకంటే పెద్దగా చెప్పలేరమ్మా."

మార్నీ మొహం వేడెక్కింది. వేడెక్కినందుకు మళ్ళీ కోపమొచ్చింది.

"నాకు జింకలొద్దు" అంది చివరికి. "అడగందే అమ్మైనా పెట్టదంటారు, మీరు అడిగినా పుచ్చుకోరు. బోర్డు అధికారి ఒక్కసారే అడుగుతుంది, నెల్స్. మూడుసార్లు అడగదు. చెబితే నా ఉద్యోగం వస్తుంది. చెప్పకపోతే, నీ మర్యాద నీ దగ్గరే పెట్టుకో, నా గుమ్మం ఎక్కకు."

"చెబితే నన్నూ తీసేస్తాడేమో."

"తీయకూడదు. దానికీ చట్టం ఉంది. ఆపైన నీ ధైర్యం."

ఇద్దరూ ఆ ఊరి అలవాటు ప్రకారం వెళ్ళొస్తామని చెప్పి, గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడి, మెట్ల దగ్గర ఇంకాసేపు నిలబడి, వెళ్ళిపోయారు.

కొన్నాళ్ళకి అధికారి ఫోన్ చేసి, కేసు నిలబడుతుందని మాత్రం చెప్పింది. ఎవరు చెప్పారో చెప్పలేదు. మార్నీ డోనట్ల కొట్లో పనికి కుదిరి, నెల్స్ పేరు తలుచుకోకూడదని రోజూ గుర్తుపెట్టుకుంది.

మంచు బాగా పడుతున్న రోజుల్లో కోర్టు భవనంలో విచారణ పెట్టారు. బ్రెంట్ కొత్త సూటు వేసుకుని వచ్చాడు. కంపెనీ లాయరు, "ఈమె ఒక్కర్తే అరిచింది. మిగతావాళ్ళు బానే ఉన్నామన్నారు" అని వాదించాడు. అది అబద్ధం కూడా కాదు, అదీ మార్నీ ఖర్మ.

బోర్డు లాయరు పిలిచిన మొదటి పేరు నెల్స్ ట్వైటెన్.

అతను బిగుతుగా ఉన్న కోటుతో వచ్చి కూర్చున్నాడు. నాలుగడుగుల దూరంలో బ్రెంట్ కళ్ళార్పకుండా చూస్తున్నాడు. తలుపులేసుకుని అధికారికి చెప్పడం వేరు, రేపు పొద్దున జీతమిచ్చేవాడి ఎదురుగా చెప్పడం వేరు.

"మీటింగుకి ముందు మీరందరూ వేడి గురించి మాట్లాడుకున్నారా?"

నెల్స్ బూట్ల వంక చూశాడు. అయిపోయింది అనుకుంది మార్నీ, ఇంకో రెండుసార్లు అడగాలి వీడిని, ఎవరడుగుతారు?

నెల్స్ తలెత్తాడు. బ్రెంట్ వంక కాదు, మార్నీ వంక.

"మాట్లాడుకున్నాం. ఆమెని మొదలుపెట్టమన్నది నేనే. నేనున్నానని మాటిచ్చాను. ఫ్యాన్లు తీసేశాక మా పెద్దమ్మ నా కళ్ళముందే పడిపోయింది. ఆమె అడిగింది ఆమె కోసం కాదు. మా అందరి తరఫునా అడిగింది. ఇప్పుడు అడిగినా అదే చెబుతాను, రేపడిగినా అదే."

కంపెనీ లాయరు లేచాడు. "అంత ఉంటే మీటింగులో ఎందుకు మాట్లాడలేదు?"

"ఆయన రెండుసార్లే అడిగాడు."

వేరే రాష్ట్రం నుంచి వచ్చిన జడ్జిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మాటలు టైపు చేస్తున్నావిడ మాత్రం ఈ ఊరిదే, ఔను మరి అన్నట్టు తలూపింది. నెల్స్ తర్వాత ఆర్డిస్ చెప్పింది, ఆవిడ తర్వాత ఇంకో ఇద్దరు. మొదటివాడు దొరికితే చాలు వీళ్ళకి.

చివరగా బ్రెంట్. అతని లాయరు అవునో కాదో చెప్పి ఊరుకోమని నేర్పే ఉంటాడు. కానీ నోరు మూసుకోవాల్సిన చోట నోరు మూసుకోవడం ఫీనిక్స్‌లో నేర్పరు.

"ఆమె ఒక్కదాని బాధే అనుకుంటే, ఉద్యోగం తీయడం దేనికి?" అని అడిగాడు బోర్డు లాయరు, చాలా మెత్తగా.

"ఒక్కదానిదైతే ఊరుకునేవాణ్ణే! అందర్నీ కూడగడుతోంది! గదిలో కూర్చుని కేకు తింటూ మంతనాలు! మొగ్గలోనే తుంచకపోతే రేపు అందరూ అడుగుతారు!"

కంపెనీ లాయరు కళ్ళు మూసుకున్నాడు. వాళ్ళు కలిసి మాట్లాడుకున్నారని తనకి తెలుసనీ, అందుకే తీసేశాననీ, కుటుంబ పెద్ద అడగకుండానే ఒప్పుకున్నాడు.

బయట మంచులో నెల్స్ ఆమె కారు దగ్గర నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని.

"కాఫీ తాగుతావా?" అంది మార్నీ.

"తాగుతాను."

మొదటిసారి అడగ్గానే!

"ఇంకోటి కూడా చెప్పాలి" అన్నాడు నెల్స్. చెవులు మండిపోతున్నాయి. "నువ్వంటే నాకు ఇష్టం. మొదటి రోజు నుంచీ. నువ్వు అడగలేదు, అయినా చెబుతున్నా. ఆ రోజు నోరు విప్పనందుకు రోజూ సిగ్గుపడ్డాను. ఇకమీదట..." ఊపిరి అయిపోయింది.

"ఇన్ని మాటలు ఎక్కడ దాచావయ్యా ఇన్నాళ్ళూ?" అంది మార్నీ. కోటు బొత్తాం పట్టుకుని అతన్ని కిందికి లాగి ముద్దు పెట్టుకుంది. కాఫీ దగ్గర మాత్రం తన మనసు సంగతి చెప్పలేదు. వీధి చివరికి వినబడేలా మాట్లాడే పిల్లకి ఆ ఒక్క మాటా రాలేదు.

సరస్సు మీద మంచు కరిగాక తీర్పు వచ్చింది. ఉద్యోగం వెనక్కి ఇవ్వాలి, పోయిన జీతం ఇవ్వాలి, కలిసి మాట్లాడుకునే హక్కు మీకుందని గోడకి నోటీసు అంటించాలి. ఆ నోటీసు అంటించే పని బ్రెంట్‌కే పడింది. వంకరగా అంటిస్తే ఆర్డిస్ మర్యాదగా మూడుసార్లు సరిచేయించింది. తర్వాత అతను ఫీనిక్స్ వెళ్ళిపోయాడు. అక్కడ ఏ కుటుంబానికి పెద్దయ్యాడో ఎవరూ కనుక్కోలేదు.

మార్నీ తిరిగి పనిలో చేరిన వారం, ఆదివారం నాడు ఆమె గదికి తల్లీ తండ్రీ, నెల్సూ ఆర్డిసూ వచ్చారు. నెల్స్ మొదటిసారి అడగగానే పొటీత్సా తీసుకున్నాడు, పళ్ళెంలో చివరి ముక్కతో సహా. ఆర్డిస్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"వీడు మాట్లాడతాడా?" అన్నాడు తండ్రి, పొయ్యి దగ్గర, మేడంతా వినబడేలా.

"అవసరమైనప్పుడు."

"అయితే చాలు. మిగతాదానికి నువ్వున్నావుగా."

నెల్స్ వెళ్ళేటప్పుడు మార్నీ కింద దాకా వచ్చింది. సరస్సు మీద నుంచి పొగమంచు పైకి వస్తోంది. నెల్స్ ట్రక్కు ఎక్కి ఇంజను ఆన్ చేశాడు.

"నెల్స్!"

అద్దం దించాడు. మార్నీ చేతులు కోటు జేబుల్లో పెట్టింది, తీసింది. వీధి దీపం వంక చూసింది.

"రోడ్డు మీద జింకలుంటాయి. చూసుకుని వెళ్ళు."

ఇంజను ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"వినబడింది కదా. జింకలుంటాయి."

"ఇంకోసారి."

"రెండుసార్లు చెప్పాను" అంది మార్నీ. "మూడోది పెళ్ళయ్యాక."

"ఎప్పుడు?" అన్నాడు నెల్స్, అడిగించుకోకుండా.